పైకప్పు కొట్టి చూసే మొగిలన్న

మా మొగిలన్న ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల వంక చూడడు. గడప దగ్గరే ఆగి, తల పైకెత్తి స్లాబు చూస్తాడు. చేతిలో ఉన్న ఐదడుగుల కట్టెతో స్లాబును రెండుసార్లు కొట్టి, మెడ పక్కకు వంచి వింటాడు. శబ్దం నచ్చితేనే చెప్పులు విప్పుతాడు. నచ్చకపోతే "చాయ్ బయటికే తెండ్రి" అంటాడు. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచినవాళ్లకు ఇది ఎంత సంబరంగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆయన ముప్పై నాలుగేళ్లు బొగ్గు గనిలో సపోర్టు పని చేశాడు. మా గోదావరిఖనిలో గనిని బాయి అనే అంటాం. బొగ్గు తీసేసిన చోట పైన ఉన్న బండ మీద పడకుండా కింద దిమ్మలు నిలబెట్టడమే సపోర్టు పని. దిమ్మ పెట్టే ముందు బండను కట్టెతో కొట్టి చూడాలి. టంగుమంటే గట్టిది. డబ్బుమంటే లోపల డొల్ల. ఇంక అక్కడ ఎవడూ నిలబడకూడదు. ఆ చెవితోనే ఆయన తన ప్రాణాన్నీ, ఇంకో వందమంది ప్రాణాలనూ కాపాడుకుంటూ వచ్చాడు. అందులో నాకు ఎగతాళి లేదు. రిటైరై తొమ్మిదేళ్లయినా చెవిని డ్యూటీ దింపకపోవడమే నా బాధ.

నేనూ అదే బాయి మీద మస్టర్ క్లర్కుగా చేసి రిటైరైనవాణ్నే. పేరు కొమురెల్లి. ఫ్యాను కింద కూర్చుని, ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అని రాసుకునే ఉద్యోగం. సర్వీసు మొత్తంలో బాయిలోకి దిగింది రెండేసార్లు. రెండోసారి ఎందుకు దిగానంటే, మొదటిసారి భయపడి వస్తూ వస్తూ కళ్లద్దాలు లోపలే పారేసుకున్నాను.

మొగిలన్న బిడ్డ సంతోషికి పెద్దపల్లిలో సంబంధం చూసినప్పుడు నేనూ వెంట వెళ్లాను. పిల్లవాడు ఉపేందర్ తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వరండాలో నిలబడి నమస్కారం పెట్టాడు. మొగిలన్న అతన్ని దాటుకుని లోపలికి పోయి మూడు గదుల కప్పులూ కొట్టి వచ్చాడు. "పోరడెట్లున్నడో నాకెర్కలేదు. స్లాబు మంచిగున్నది. ఖాయం చేసుకుందాం" అన్నాడు. ఉపేందర్ ఇప్పటికీ అత్తగారింటికి వచ్చినప్పుడల్లా, ఈ ఇంటికి అల్లుణ్ని నేను కాదు, మా స్లాబు అని చెప్పుకుంటాడు.

మంచిర్యాలలో ఒక పెళ్లికి పోయినప్పుడు జరిగింది మాత్రం నేను దగ్గరుండి చూశాను. ఫంక్షన్ హాల్లో పూలూ లతలూ చెక్కిన తెల్లటి కప్పు వేశారు. మొగిలన్న భోజనాల బంతిలో కుర్చీ ఎక్కి దాన్ని కట్టెతో కొట్టాడు. డబ్బుమంది. ఫాల్స్ సీలింగు డొల్లగా మోగక ఇంకెలా మోగుతుంది! "లేవుండ్రి, లేవుండ్రి!" అని ఆయన అరిచిన అరుపుకు రెండు వందల మంది చేతుల్లో విస్తళ్లతో రోడ్డు మీదికి వచ్చారు. పెళ్లికూతురి మేనమామ కట్టె గుంజుకోబోయాడు. డొల్ల శబ్దం వచ్చినదల్లా కూలిపోదు అని ఆ రోజే మొగిలన్న నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు.

ఆయన భార్య లస్మవ్వ వదినకు ఈ స్లాబుల గోల లేదు. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. పెళ్లయిన కొత్తలో, మొగిలన్న మొదటి షిఫ్టు చేసి ఇంటికి వచ్చిన రోజు అడిగింది: "బాయిల ఎట్లుంటది?" ఆయన కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు: "చీకటుంటది. అన్నం పెట్టు."

ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. జవాబు మాత్రం అక్షరం మారలేదు. ఒకసారి ఆయన పని చేసేచోట కప్పు కూలింది. తొమ్మిది గంటలు లోపలే ఇరుక్కున్నాడు. వదిన సంతోషిని చంకన వేసుకుని గేటు దగ్గర నిలబడింది. చివరికి ఒళ్లంతా మసితో, బతికే బయటికి వచ్చాడు. ఇంటికి పోయాక ఆమె ఏడ్చి ఏడ్చి, లోపల ఏమైంది, ఎలా ఉన్నావు అని అడిగింది. "చీకటుంటది. అన్నం పెట్టు" అన్నాడు.

నేను ఒకసారి నిలదీశాను. ఇంత చిన్న ప్రశ్నకు సరిగ్గా జవాబు చెబితే నీ సొమ్మేం పోతుందన్నా అని. ఆయన చుట్ట ఆర్పి, "చెప్తె పొద్దుగాల లేచి సద్ది కడుతదా తమ్మీ?" అన్నాడు.

వదిన మాత్రం వదిలే మనిషి కాదు. కంపెనీ పండుగ రోజు ఎగ్జిబిషన్‌లో థర్మాకోల్‌తో బాయి బొమ్మ కట్టి, లోపల ఎర్ర బల్బు పెడితే వరసలో నిలబడి చూసి వచ్చి, "గిందులకా ముప్పై ఏండ్లు పోయింది?" అంది. ఆయన రిటైరయ్యే రోజున పూలదండలు వేస్తుంటే మేనేజరు దగ్గరికే వెళ్లి, ఒక్కసారి నన్ను కిందికి తోలుండ్రి సార్ అని అడిగింది. ఆడవాళ్లు బాయిలోకి దిగే రూలు లేదమ్మా అని ఆయన మర్యాదగానే చెప్పి, ఇంకో లడ్డూ ఇచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆడపిల్లలు ఇంజినీర్లయి బాయిలోకి దిగుతున్నారని టీవీలో వచ్చింది. వదిన ఆ వార్త చూస్తూ పొయ్యి మీద కూర మాడబెట్టింది. "గా పిల్లలు సదువుకున్నరు, నీకేమున్నదని దిగుతవ్?" అన్నాడు మొగిలన్న. "నాకు ముప్పై నాలుగేండ్లు మొగడుండె లోపట" అంది ఆమె.

ఇక చక్రపాణి గారి గురించి చెప్పాలి. ఈయన భీమవరం వైపు నుంచి వచ్చి మా దగ్గర సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. భద్రతా వారోత్సవాల్లో ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ముందు వరసలో దండలు వాడిపోయేవి. ఆపద వచ్చినప్పుడు అధికారి చివర బయటికి రావాలి అనేది ఆయనకు ఇష్టమైన వాక్యం. రిటైరయ్యాక ఊరుకోలేక వనదర్శన్ టూర్స్ అని పెట్టారు. మేముండే సెంటినరీ కాలనీలో ప్రతి కరెంటు స్తంభానికీ ఆయన కాగితమే. "పులులు, జలపాతాలు, లక్షల ఏళ్ల నాటి గుహ: అన్నీ ఒకే యాత్రలో, భోజనంతో సహా!" కాగితం మీద పులి బొమ్మ. ఆ పులి కాళ్ల కింద మంచు ఉంది. బస్తర్ అడవుల్లో మంచు ఏ సంవత్సరం పడిందో చక్రపాణి గారినే అడగాలి.

పులి పక్కన గుహ బొమ్మ ఉంది. వదిన ఆ కాగితాన్ని స్తంభం నుంచి ఊడబెరికి చేత పట్టుకుని చక్రపాణి గారి ఇంటికి పోయింది.

"సారూ, గిది బాయి లెక్కనే ఉంటదా?"

"అచ్చంగా అంతేనమ్మా. కిందికి దిగాలి, వంగి నడవాలి, లోపలంతా చీకటి. పైగా మసి ఉండదు. మీకు ఇంతకంటే ఏం కావాలండీ?"

ఆమెకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అయితే రెండు అడ్డంకులు ఉన్నాయి. ఆమె మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. కరీంనగర్ దవాఖానలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అది అయ్యాక మెట్లూ గుట్టలూ బంద్ అన్నారు. ఆ గుహేమో బస్తర్‌లో ఒక నేషనల్ పార్కులో ఉంది. దాన్ని వానలు మొదలవగానే మూసేస్తారు, చలికాలానికి గానీ తెరవరు. చక్రపాణి గారి యాత్ర సీజనులో చివరిది. ఆ ఆదివారం ఆమె గుహలో కాలు పెట్టకపోతే ఇక ఈ జన్మలో లేనట్టే.

శనివారం పొద్దున్నే ముప్పై ఎనిమిది మందిమి బస్సెక్కాం. అందరం బాయి నుంచి రిటైరైనవాళ్లమూ, ఇంటివాళ్లూ. నడుం బెల్టులు, మోకాలి పట్టీలు, బీపీ గోలీలు, షుగరు గోలీలు సర్దుకుని సాహసయాత్రకు బయలుదేరాం. గోదావరి దాటి, ఇంద్రావతి దాటి, సాయంత్రానికి పార్కు పక్కన లాడ్జిలో దిగాం. తెల్లారగట్ల లేచి చూస్తే వదిన లాడ్జి వంటవాణ్ని పక్కకు జరిపి అతని పొయ్యి మీద అన్నం వండుతోంది. యాత్రలో భోజనం కూడా ఉందని గుర్తు చేశాను. "బాయికి పోతున్నం. సద్ది లేకుంట పోతరా?" అని టిఫిన్ క్యారియర్ సర్దింది.

పార్కు గేటు దగ్గర పెద్ద బోర్డు: నిశ్శబ్దం పాటించండి, వన్యప్రాణులను భయపెట్టకండి. చక్రపాణి గారు ఆ బోర్డును చేతి మైకులో మూడుసార్లు చదివి వినిపించారు. గేటు పక్కనే మేస్తున్న జింకల గుంపు రెండోసారికే వెళ్లిపోయింది.

మా వాళ్లందరి చూపూ పులి కోసం నేల మీదే. ప్రతి పొదలోనూ పులి. ఒకాయన ఎర్ర చీర కట్టుకున్న వాళ్లావిడనే వేలితో చూపించి అదిగో అన్నాడు. మొగిలన్న ఒక్కడే అలవాటు ప్రకారం తల పైకెత్తి నడిచాడు. అందుకని అడవి ఆయన ఒక్కడికే కనిపించింది. పిల్లి కంటే పెద్దదైన ఎర్రటి ఉడుత కొమ్మ మీద తోక వేలాడేసుకుని పండు తినడం ఆయన చూశాడు. తెల్లటి రిబ్బను లాంటి తోక ఉన్న పిట్ట తీగల మధ్య గూడు కట్టుకోవడం చూశాడు. అడవి గోరింక ఒకటి గార్డు ఈలను అచ్చు గార్డులాగే వేస్తుంటే చూశాడు. చూసినవన్నీ వదినకే మెల్లగా చూపించాడు. మాకు చెప్పలేదు. మేం అడగలేదు కూడా, మేం పులి పనిలో ఉన్నాం.

గుహ ఒక గుట్ట పక్కన ఉంది. నేల పగిలినట్టున్న ఇరుకు సందులోకి ఇనుప మెట్లు దిగుతాయి. దగ్గరికి పోతుంటేనే కింది నుంచి చల్లటి గాలి కాళ్లకు తగిలింది. మా వాళ్లందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఆ గాలి వాళ్లకు తెలుసు. పార్కువాళ్లు తలా ఒక హెల్మెట్ ఇచ్చారు. హెల్మెట్ తలమీద పడేసరికి మా ముసలాళ్ల నడుములు నిటారుగా అయ్యాయి. ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు. నా వైపు తిరిగి "కొమురెల్లీ, మస్టర్ పడ్డదా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. వెనకే, ఎందుకో, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గైడు పేరు పూలమ్మ. ఇంద్రావతి ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి, మన తెలుగు వచ్చు. చేతిలో లైటు, నోట్లో వక్క. "మెల్లగ రండ్రి. దేన్ని ముట్టొద్దు. లోపట కండ్లు లేని చేపలుంటయి, చీకట్ల పుట్టి చీకట్లనే బతుకుతయి. వాటికి ఎలుగు కొట్టద్దు" అని చెప్పి ముందు దిగింది. ఆమె వెనక మొగిలన్న. కట్టె ఎందుకని గార్డు అడిగితే మోకాళ్లు చూపించి తప్పించుకున్నాడు. ఆ మోకాళ్లలో ఏ లోపమూ లేదు. నొప్పి ఉన్నది వదిన మోకాళ్లకు. వదిన మాత్రం అందరినీ ముందు పోనిచ్చి, చివరన, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆమె మొహం చూస్తే పెళ్లిపీటల మీదికి పోతున్న పిల్లలాగే ఉంది.

లోపల మొదటి గది మా మస్టర్ ఆఫీసుకు నాలుగింతలు ఉంటుంది. పైనుంచి రాళ్లు తెరలు తెరలుగా, మడతలు మడతలుగా వేలాడుతున్నాయి. లైటు పడితే తేనె రంగులో మెరుస్తున్నాయి. అంత అందమైనది నేను చూడలేదు. చక్రపాణి గారు మైకు అందుకుని, "ఇవన్నీ లక్షల సంవత్సరాల క్రితం" అని మొదలుపెట్టారు. మొగిలన్న కట్టె ఎత్తి, దగ్గరలో ఉన్న రాతి తెరను కొట్టాడు.

డబ్బుమంది.

ఇంకోచోట కొట్టాడు. ఇంకా గట్టిగా డబ్బుమంది.

"రూఫ్ డొల్లగున్నది! బయటికి నడువుండ్రి!"

వేరే ఊరివాళ్లయితే ఏమిటి, ఎందుకు అని అడిగేవాళ్లు. మా వాళ్లు అడగలేదు. ముప్పై ఏళ్లు ఆ కేక వినగానే కాళ్లు వాటంతట అవి పరుగెత్తినవాళ్లు. అరవై, డెబ్బై ఏళ్ల మనుషులు, నడుం బెల్టులతో సహా, ఒకర్ని ఒకరు పట్టుకుని, ఒక్క తోపులాట లేకుండా, సర్వీసులో ఉన్నప్పటి వేగంతో మెట్లెక్కారు. మా వెనక, మెట్ల పైన, నాగపూర్ నుంచి వచ్చిన టూరిస్టులు వంతు కోసం ఆగి ఉన్నారు. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మా కంటే గట్టిగా అరుస్తూ పరుగెత్తారు. అందరికంటే ముందు బయటపడింది చక్రపాణి గారు. చేతిలో మైకు ఆన్‌లోనే ఉండటంతో, "అమ్మో, తప్పుకోండి, తప్పుకోండి" అన్న ఆయన గొంతు పార్కు మొత్తం వింది. వదిన అప్పటికింకా పైనుంచి నాలుగో మెట్టు మీదే ఉంది. పైకి వస్తున్న జనం ఆమెను రెండు రెక్కలూ పట్టుకుని ఎత్తి, మళ్లీ పైన నిలబెట్టారు. ఆమె పాదం గుహ నేలను తాకనే లేదు.

కాసేపటికి పూలమ్మ లైటు పట్టుకుని ఒక్కతే నింపాదిగా పైకి వచ్చింది.

"ఏమైంది కాక? గట్ల ఉరికిన్రేంది?"

"డొల్ల మోగింది బిడ్డా. నా చెవులతోని విన్న" అన్నాడు మొగిలన్న రొప్పుతూ.

"మోగుతది మరి! అది సున్నపు నీళ్లు కారి కారి పేరుకున్న తెర. ఎన్కకెల్లి ఖాళీనే ఉంటది. మా తాతల తాతల సంది గట్లనే ఉన్నది. అది మీ బొగ్గుబాయి కప్పు కాదు కాక" అని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "గాని కొట్టొద్దుండె. గోరంత పెరిగెటందుకు దానికి ఎన్ని ఏండ్లు వడ్తదో ఎర్కనా?" అంది.

మొగిలన్న తల వంచుకున్నాడు. ఆయన తల వంచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. గార్డు వచ్చి కట్టె తీసేసుకున్నాడు. రిజిస్టరులో పేరు రాసుకుని, బోర్డు మీద ఏడో నంబరు రూలు చూపించాడు: గుహలోని రాళ్లను కొట్టినవారికి ఆ రోజు ప్రవేశం లేదు. రూలు రూలే అన్నాడు. చక్రపాణి గారు అప్పటికి చెమట తుడుచుకుని మళ్లీ ఆఫీసరయ్యారు. "నేను దారి చూపించడానికే ముందు వచ్చానండి. భద్రత విషయంలో ఎవరో ఒకరు నాయకత్వం వహించాలి కదా" అన్నారు. తర్వాత వాచీ చూసుకుని, "మన గుహ టైము అయిపోయిందండీ. సఫారీ జీపులు వచ్చేశాయి. పదండి, పులిని చూద్దాం" అన్నారు.

అందరూ బతుకు జీవుడా అని జీపుల వైపు కదిలారు. వదిన కదల్లేదు.

"పులిని చూసెటందుకు రాలే నేను" అంది. కోపంగా మొగిలన్న వైపు తిరిగింది. "మొత్తం మీద నన్ను దిగనియ్యవు. బాయి ఉన్నన్ని దినాలు బాయి రూలు. ఇయ్యాల నీ చెవి. నా మోకాళ్లు పొయ్యెదాక ఆగి గప్పుడు దిగమంటవా?"

"గది కాదే లస్మీ. నేను మంచికే..."

"నీ మంచి నాకెర్కే. ముప్పై నాలుగేండ్ల సంది నీ మంచే." ఆమె పూలమ్మ చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నన్ను తోలుకపోతవా?"

నాగపూర్ వాళ్లు మళ్లీ దిగడానికి వరస కడుతున్నారు. వాళ్లతో పాటు రమ్మంది పూలమ్మ. మొగిలన్న అడ్డం వచ్చాడు. "రూఫ్ సూడకుంట ఎట్ల పోతవే?"

"లక్షల ఏండ్ల సంది నిలవడ్డది. నువ్వు కొట్టినంక గూడ పడలే. నువ్వు కూసో." టిఫిన్ క్యారియర్ ఆయన చేతిలో పెట్టి, రెయిలింగు పట్టుకుని దిగింది. హెల్మెట్ అంచు కనిపించినంతసేపు కనిపించి, తర్వాత కనిపించలేదు.

నేను జీపెక్కలేదు. మొగిలన్నకు తోడుగా అని చెప్పుకున్నాను గానీ, ఇంకోసారి గుహలోకి దిగే ధైర్యమూ లేదు, పులిని చూసే ధైర్యమూ లేదు.

ముప్పావు గంటలో వస్తారని గార్డు చెప్పాడు. మొగిలన్న రాతి బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. సందు దగ్గరికి పోయి తొంగి చూశాడు. గార్డు ఈల వేస్తే వెనక్కి వచ్చాడు. ఆయన కదలకపోయినా మళ్లీ ఈల వినిపించింది, ఈసారి వేసింది గార్డు కాదు, చెట్టు మీది గోరింక. టైమెంత తమ్మీ అన్నాడు. చెప్పాను. ఇంకో రెండు నిమిషాలకు మళ్లీ అడిగాడు. నీళ్ల సీసా ఇస్తే వద్దన్నాడు. క్యారియర్ కింద పెట్టమంటే పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. చేతిలో కట్టె లేకపోయేసరికి ఆ చేతులకు ఏం చేయాలో తెలియడం లేదు.

ముప్పావు గంట గడిచింది. నాగపూర్ వాళ్లు ఒక్కొక్కరే నవ్వుకుంటూ పైకి వచ్చారు. వదిన లేదు. మొగిలన్న వచ్చినవాడినల్లా ఆపి, వచ్చీరాని హిందీలో మా ముసలిది ఏది అని అడిగాడు. ఒకడు భుజాలు ఎగరేశాడు. ఇంకొకడు వెనక ఉంది అన్నాడు. ఇంకొకడు అసలు చూడలేదన్నాడు. ఆఖరి మనిషీ వచ్చేశాడు. సందులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

మొగిలన్న నా పక్కకు వచ్చాడు.

"తమ్మీ, గప్పుడు... నేను తొమ్మిది గంటలు లోపట ఉన్ననాడు, ఇది ఎక్కడ నిలవడ్డది?"

నాకు తెలుసు. ఆ రోజు మస్టర్ కిటికీ దగ్గర ఉన్నది నేనే. "గేటు పక్కన పంపు కాడ" అన్నాను.

"కూసున్నదా?"

"కూసోమంటె కూసోలే."

"నీళ్లు తాగిందా?"

"తాగలే అన్నా. పిల్లకు తాపింది." ఇంకొకటి కూడా చెప్పాలనిపించి చెప్పేశాను. "గంట గంటకు కిటికీ కాడికొచ్చి నీ పేరు అడిగేది. నాకేమో ఖబర్ లేదు. చెప్పి చెప్పి యాష్టకొచ్చి కిటికీ మూసిన."

ముప్పై ఏళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను. మొగిలన్న నన్ను తిట్టలేదు. అసలు నన్ను చూడనే లేదు. "ఇంటికొచ్చి నన్నడిగింది" అన్నాడు. "నేను అన్నం పెట్టుమన్న."

లోపల ఏం జరుగుతోందో పూలమ్మ నాకు తర్వాత చెప్పింది. చివరి గదికి పోవాలంటే నడుం విరిచినట్టు వంగి పోవాలట. ఆ ఇరుకు దగ్గరే చాలామంది వెనక్కి తిరుగుతారు. వదిన మాత్రం మోకాళ్ల మీద పాకుతూ పోయిందట. పోతూ పోతూ, "గిట్లనే వంగి ఎనిమిది గంటలా?" అని తనలో తాను అనుకుందట. లోపల నీళ్ల గుంటలో తెల్లటి చేపలు, కళ్లు లేనివి, కదులుతుంటే చాలాసేపు చూసిందట. అక్కడి దాకా వచ్చినవాళ్ల కోసం ఒక్క నిమిషం లైటు ఆర్పుతారు. పూలమ్మ ఆర్పింది. నిమిషం అయ్యాక వెలిగించబోతే ఆగమందట. ఇంకో నిమిషం. ఇంకో నిమిషం. ఎక్కడో నీటిచుక్క పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లో చేత్తో తడుముతూ రాతి గోడను నిమిరిందట. ఏడ్చిందా అని అడిగాను. "చీకట్ల నాకెట్ల కనవడ్తది?" అంది పూలమ్మ.

మొదట లైటు వెలుగు కనిపించింది. తర్వాత హెల్మెట్. వదిన ఒక్కో మెట్టు మీద రెండేసి నిమిషాలు ఆగుతూ పైకి వచ్చింది. మోకాళ్ల దగ్గర చీరంతా మట్టి. మొహాన మట్టి. మొగిలన్న రూలు సంగతి మర్చిపోయి మూడు మెట్లు దిగి చెయ్యి అందుకున్నాడు. గార్డు ఈల నోట్లో పెట్టుకుని, ఏమనుకున్నాడో, ఊదలేదు.

"లస్మీ, ఎట్లున్నదే లోపట?"

ఆమె హెల్మెట్ విప్పి గార్డుకు ఇచ్చింది. రాతి బెంచీ మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, మొగుడి మొహం వంక చూసింది. బాయి దిగొచ్చిన మనిషిని అంత దగ్గరగా నేను చూసింది తక్కువే గానీ, ఆ చూపు అలాగే ఉంటుంది.

"చీకటుంటది" అంది. "అన్నం పెట్టు."

మొగిలన్న నోరు తెరిచాడు. ఇంకో ప్రశ్న అడుగుతాడనుకున్నాను. అడగలేదు. బెంచీ పక్కన నేల మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. ముప్పై నాలుగేళ్లు ఆమె కట్టిన సద్ది విప్పుకుని తినడమే గానీ ఒకరికి పెట్టిన మనిషి కాదు. అలవాటు లేక పప్పంతా ఒకేసారి అన్నం మీద పోసేశాడు. ఆమె దాన్నే కలుపుకుని తింది.